బాబాయ్ పాలీసిక్స్‌కి పట్టిన పచ్చ తెగులు

వరసగా మూడేళ్లు మా పాలీసిక్స్ ఆషాఢంలోనే పాడైంది. మొదటిసారి వయసైపోయిందిలే అనుకున్నాను. రెండో ఏడు మా అమ్మ దానికి దిష్టి కూడా తీసింది. మూడో ఏడు స్క్రూడ్రైవర్ నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

ఇది కోర్గ్ కంపెనీ వాళ్ల సింథసైజర్, అంటే కరెంటుతో రకరకాల సౌండ్లు పుట్టించే కీబోర్డు, 1981 మోడల్. 61 మెట్లు, ఒకేసారి ఆరు స్వరాలు, మనం తయారుచేసుకున్న సౌండ్లు 32 దాకా దాచుకునే మెమరీ. షిప్పుల్లో ఇంజినీరుగా చేసిన మా బాబాయ్ జపాన్‌లో కొని తెచ్చాడు. 100 వోల్టులతో నడిచేది కాబట్టి ఇటుక కన్నా బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి దీనికి తోడు. గాజువాక, కూర్మన్నపాలెం చవితి పందిళ్లన్నీ తిరిగి, చివరికి అటకెక్కింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పెదవాల్తేరులో మా కిటికీ అద్దాలు ఒక్కటీ మిగల్లేదు గానీ, టార్పాలిన్‌లో చుట్టి ఉన్న దీనికి చుక్క నీరు తగల్లేదు. అందుకే లోపలంతా భద్రంగా ఉందనుకున్నాం. పాడు చేసేది బయటి నుంచే రావాలా ఏంటి!

దింపి ఆన్ చేసినప్పుడు బాగానే పలికింది. వానలు మొదలయ్యాక ఒక మెట్టు నొక్కి వదిలేస్తే స్వరం ఆగకుండా అలాగే మోగుతూ ఉండేది. మరికొన్ని మెట్లు అసలు పలికేవి కావు. దాచుకున్న సౌండ్లలో ఎ1 నొక్కితే ఇంకేదో సౌండ్ వచ్చేది. ఊళ్లో ఒకాయనకి ఇచ్చాం. "బ్యాటరీ కారింది గురువుగారూ, యాసిడ్ బోర్డు తినేసింది" అని చెప్పి, వంటసోడా నీళ్లతో కడిగి, పాత బ్యాటరీ లాంటిదే కొత్తది వేసి ఇచ్చాడు. ఎండలున్నన్నాళ్లూ పనిచేసింది. మళ్లీ వాన, మళ్లీ అదే రోగం. మళ్లీ ఆయనే, మళ్లీ సోడానే.

"ఏట్రా, మళ్లీ మొదలెట్టిందా?" అనేవాడు బాబాయ్ ఫోన్లో. దానికి నా దగ్గర జవాబుండేది కాదు.

అసలు తప్పు ఆ 'యాసిడ్' అనే మాటలో ఉంది. కారు బ్యాటరీలో ఉండేది యాసిడ్. దీనిలో మెమరీ పోకుండా బోర్డుకే టంకం వేసి ఉండేది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. దాని నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. వంటసోడా కూడా క్షారమే. క్షారం మీద క్షారం పోస్తే ఏం విరుగుతుంది? పైగా సోడా ఉప్పు కూడా అక్కడే మిగులుతుంది. ఈ కారిన పదార్థానికి గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. వైజాగ్ గాలి సంగతి చెప్పాలా? ఎండాకాలం తెల్ల పొడిలా పడి ఉండేది వానాకాలం చెమ్మెక్కి, పక్కపక్క రాగి గీతల మధ్య కరెంటును దాటిస్తుంది, మెల్లగా ఆ రాగినే తింటుంది. క్యాలెండర్ చూసి పాడైనట్టు ఉండడానికి కారణం అదే. ఇది అర్థమైన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే లెండి.

క్షారానికి విరుగుడు పులుపు. విషయం వినగానే అమ్మ చింతపండు తెచ్చింది, ఇత్తడి బిందెలకి వాడేదే కదా అని. ఆలోచన సరైనదే, కానీ జిగురు మిగులుతుంది. కిరాణా కొట్టులో తెల్ల వెనిగర్ సీసా కొన్నాను. ముందు ప్లగ్ తీసేసి, కాసేపు ఆగి, మెట్లను చదివే చిప్పులున్న బోర్డు, కేఎల్ఎం-367, బయటికి తీశాను. తీసేముందు ప్రతి వైరుకీ ఫోన్లో ఫోటో. పాత బ్యాటరీ కత్తిరించి, టూత్ బ్రష్‌తో వెనిగర్ రాస్తే చిన్నగా బుసబుసమని నురగ వచ్చింది. నురగ ఆగేదాకా రాసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాను.

కడిగాక అసలు దెబ్బ బయటపడింది. పైనున్న పూత నున్నగా, చక్కగా ఉంది. కింద రాగి మాత్రం పచ్చగా, నల్లగా మారిపోయింది. గోడ లోపల చెద పట్టినట్టే. పూతను బ్లేడుతో గీకుతూ, మంచి రాగి ఎర్రగా కనిపించేదాకా వెళ్లాను. సర్క్యూట్ కాగితం పక్కన పెట్టుకుని మల్టీమీటర్‌తో ఒక్కో గీతా పరీక్షించాను. ఇక్కడొక మోసం ఉంది: సగం తెగిన గీత కూడా మీటర్‌లో బీప్ అంటుంది. రెండోసారి రిపేరులో దొరక్కుండా తప్పించుకున్నవి అలాంటివే అయ్యుంటాయి. బోర్డును కొంచెం వంచుతూ చూస్తే బీప్ తడబడుతుంది, అప్పుడు దొరుకుతాయి. అలా పదకొండు దొరికాయి. అన్నింటికీ సన్న తీగతో జంపర్లు, అంటే తెగిన చోటు దాటించే అతుకులు, వేశాను. రెండు చిప్పుల సాకెట్లు కూడా లోపల తుప్పు పట్టాయి. డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో కొత్తవి కొన్నాను. షాపాయన బోర్డు ఫోటో చూసి "ఇంకా బతికే ఉందా ఇది!" అన్నాడు.

ఈసారి నికెల్ కాడ్మియం జోలికి పోలేదు. సీఆర్2032 లిథియం బిళ్ల, బోర్డుకి దూరంగా పెట్టెలో ఓ మూలకి. అయితే ఈ సర్క్యూట్ బ్యాటరీని చార్జ్ చేస్తుంది, లిథియం బిళ్లని చార్జ్ చేస్తే పేలే ప్రమాదం ఉంది. అందుకే కరెంటు వెనక్కి రాకుండా దారిలో ఒక షాట్కీ డయోడ్ వేశాను. దానివల్ల వోల్టేజీ ఓ 0.3 తగ్గినా మెమరీ నిలబడుతోంది.

ఈ ఏడు ఆషాఢం వచ్చింది, వెళ్లింది. ఒక్క స్వరమూ ఆగకుండా మోగలేదు.

మెమరీ మాత్రం ఖాళీ. ఈ మోడల్లో సౌండ్లన్నిటినీ క్యాసెట్ మీదకి ఎక్కించి దాచుకోవచ్చు. బాబాయ్ అప్పట్లో ఎక్కించిన క్యాసెట్ దొరికింది, అట్ట మీద 'చవితి, గాజువాక' అని ఆయన రాత. పాటలా ఉండదు, కీచుమని ఒకటే గోల. రెండుసార్లు ఎక్కలేదు. టేప్ రికార్డర్ హెడ్ మిగిలిన ఆల్కహాల్‌తో తుడిచి, వాల్యూమ్ కొంచెం పెంచితే మూడోసారి ఎక్కింది. వీడియో కాల్ చేశాను.

"డి8 నొక్కరా" అన్నాడు బాబాయ్.

నొక్కాను. సన్నాయిలా ఏదో పలికింది. ఆయన కళ్లద్దాలు తీసి కాసేపు విన్నాడు.

"శ్రుతి తప్పింది."

"ట్యూనింగ్ ఇంకా చూడలేదు బాబాయ్."

"నీ తప్పు కాదులేరా, అది అప్పుడూ అంతే."