పక్కింటి వంశవృక్షం, మన ఇంటి ఖాళీ గడి

అమెరికాలోని యూటాలో నాలుగో తరగతి పిల్లలకు రాష్ట్ర చరిత్ర పాఠం ఉంటుంది. 1847లో మార్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు బండ్లు కట్టుకుని సాల్ట్ లేక్ లోయకు చేరడం, వాళ్ల నాయకుడు బ్రిగమ్ యంగ్, సాగు కాలువలు, అన్నీ మా అమ్మాయి గడగడా చెబుతుంది. అసలు సంగతి మాత్రం పక్కింటి మార్మన్ కుటుంబం దగ్గర విని వచ్చింది. "అమ్మా, వాళ్ల ముత్తాతకు ముగ్గురు భార్యలట. మనవాళ్లకు?"

తప్పించుకోవచ్చు. కానీ మా తాతగారి నాన్నకూ ఇద్దరు భార్యలు. మద్రాసు రాష్ట్రంలో 1949లో చట్టం వచ్చేదాకా హిందువులకు అది నేరమే కాదు. ఆ మాటే చెప్పాను.

పక్కింటావిడ వంశవృక్షం తెచ్చి మా భోజనాల బల్ల మీద పరిచింది. ముగ్గురు భార్యల పేర్లూ, పుట్టిన ఊళ్లూ, ఎవరి పిల్లలు ఎవరో, అన్నీ ఉన్నాయి. అందులో ఒకావిడ డెన్మార్క్ నుంచి వచ్చిందట. పూర్వీకుల వివరాలు రాసిపెట్టుకోవడం వాళ్లకు మతధర్మంలో భాగం. ఆవిడ దేన్నీ కప్పిపుచ్చలేదు. 1882లో బహుభార్యత్వాన్ని శిక్షించే ఎడ్మండ్స్ చట్టం వచ్చాక ఫెడరల్ మార్షళ్లు, అంటే కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారులు, ఇళ్లు సోదా చేశారు, మగవాళ్లు అజ్ఞాతంలోకి వెళ్లారు. ఎవరైనా అడిగితే నాన్న పేరు చెప్పకూడదని పిల్లలకు నేర్పేవారట. మా అమ్మాయికి బాగా పట్టుకున్నది అదే. 1890లో చర్చి ఈ పెళ్లిళ్లు మానేయమని ప్రకటించింది, 1904లో మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా అలా చేసుకుంటే చర్చి వెలివేస్తుంది. అయినా ఆఫీసుల్లో మనవాళ్లు సహా అందరూ అవే పాత జోకులు వేస్తారు. ఆవిడ విని విని విసిగిపోయింది.

బడి ప్రాజెక్టుకు అమ్మాయి మార్తా హ్యూస్ కానన్‌ను ఎంచుకుంది. ఆవిడ డాక్టరు, ఆంగస్ కానన్‌కు నాలుగో భార్య. భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని పసిబిడ్డను ఎత్తుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయింది. 1896లో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైంది. దేశంలో ఏ రాష్ట్ర సెనేట్‌లోనైనా అడుగుపెట్టిన తొలి మహిళ ఆవిడే. ఓడిన అభ్యర్థుల్లో సాక్షాత్తూ భర్తే ఉన్నాడు! "మరి అంత తెలివైనది నాలుగో భార్యగా ఎందుకు వెళ్లింది?" అని అమ్మాయి. నమ్మి వెళ్లింది, కష్టాలూ పడింది, రెండూ రాసుకో అన్నాను. బ్రిగమ్ యంగ్ మీదే విడాకుల దావా వేసిన ఆయన భార్యల్లో ఒకావిడ ఆన్ ఎలైజా కథ కూడా చెప్పాను. అందరూ ఒక్కలా భరించలేదని తెలియాలి కదా.

ఇక మా వంశవృక్షంలో పెద్దావిడ పేరు ఉంది, రెండో ఆవిడ గడి ఖాళీ. పెదనాన్నకు ఫోను చేస్తే, "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నారు. ఆ రెండో ఆవిడ చేతి వంట తిని పెరిగిన మనిషే ఆయన. ఊళ్లో మా మేనత్త ఒకరికి ఆ పేరు తెలుసట. ఈ వేసవిలో వెళ్లినప్పుడు పిల్లే అడుగుతుంది, పెదనాన్న చెవిన పడకుండా.