అడిగితే తప్ప ఇవ్వలేదు

మా బాబుకి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య. నోటితో అడిగితే పాఠం మొత్తం గడగడా చెప్తాడు. రాయమంటే ‘ప’ ఉండాల్సిన చోట ‘వ’, ‘మ’ ఉండాల్సిన చోట ‘య’.

పరీక్షలకి కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వమని స్కూల్లో అడిగితే, “ఒక్కడికిస్తే అందరూ అడుగుతారండీ” అన్నారు. ఇంకో టీచర్ అయితే “బద్ధకం మేడమ్, ట్యూషన్ పెట్టించండి” అంది. కడుపు రగిలిపోయింది. బద్ధకమైతే రాత్రి పదింటి దాకా ఒకే పేజీ ముందు కూర్చుని ఏడుస్తాడా?

మా ఆయన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రింట్ తీసుకొచ్చారు. అందులో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెప్తే రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల మినహాయింపు, అన్నీ 17వ సెక్షన్‌లో ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు కూర్చుని మొత్తం చదివారు. మొన్నటి పరీక్షలో అదనపు టైమ్ ఇచ్చారు. మొదటిసారి చివరి ప్రశ్న దాకా రాశాడు!

మీరూ అడుగుతుంటే నోటిమాటతో ఆగకండి. ఉత్తరం రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

తెలుగు మినహాయింపు మాత్రం మేం అడగలేదు. వాడికి కథలంటే ప్రాణం, చదివి వినిపిస్తే చాలు.