మిర్యాలగూడ ప్యాకెట్లు సింగపూర్ ఎందుకెళ్లాయి?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కాంటా చీటీలు వేసే చిన్న సాఫ్ట్‌వేర్ నాది. వడ్ల సీజన్‌లో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. చీటీ కాస్త ఆలస్యమైతే చాలు, నాకు ఫోన్లు మొదలు. అందుకే సర్వర్ హైదరాబాద్‌లో ఒకటి, ముంబైలో ఒకటి పెట్టాను. ఎవరిని ఎటు పంపాలనేదే చిక్కు. డీఎన్ఎస్‌తో, అంటే సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చి చెప్పే వ్యవస్థతో పంపితే, సర్వర్ పడిపోయాక కూడా పాత అడ్రస్ కొందరి దగ్గర కొంతసేపు అలాగే ఉండిపోతుంది.

ఎనీకాస్ట్‌లో ఆ తంటా లేదు. ఒకే ఐపీ అడ్రస్‌ను చాలా చోట్ల నుంచి బీజీపీలో, అంటే నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతిలో ప్రకటిస్తారు, ప్యాకెట్ (నెట్‌లో డేటా ప్రయాణించే చిన్న ముక్క) వాటిలో ఒక చోటికి చేరుతుంది. డీఎన్ఎస్‌కు మూలమైన రూట్ సర్వర్లు, గూగుల్ డీఎన్ఎస్ అడ్రస్ 8.8.8.8 నడిచేది ఇలాగే. కానీ సొంతంగా చేయాలంటే ఏఎస్ నంబర్, అంటే బీజీపీలో మన నెట్‌వర్క్‌ను గుర్తించే నంబర్ కావాలి. పైగా ఐపీవీ4లో (మామూలుగా వాడే పాత రకం ఐపీ అడ్రస్‌లలో) /24, అంటే 256 అడ్రస్‌ల కన్నా చిన్న బ్లాకును బయటి నెట్‌వర్కులు సాధారణంగా తీసుకోవు. ఒక్క అడ్రస్ కోసం 256 సంపాదించడం నా వల్ల అయ్యే పనా?

హితేష్ బల్లాని, పాల్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకులు 2005లో వివరించిన పీఐఏఎస్ అనే ఓవర్‌లే డిజైన్ (ఉన్న నెట్ మీదే ఇంకో పొరలా నడిచేది) చదివాక దారి కనిపించింది. అందులో ఎనీకాస్ట్ అడ్రస్‌ను ప్రకటించేది ప్రాక్సీలు, అంటే మధ్యలో ఉండి ప్యాకెట్లను అందుకుని మన సర్వర్లకు పంపేవి. మన సర్వర్లు మామూలు అడ్రస్‌లతో వాటి వెనక చేరతాయి. ఒకే బ్లాకును ఎన్నో సర్వీసులు పంచుకోవచ్చు, సర్వర్ పెట్టినా తీసినా బీజీపీని కదిలించక్కర్లేదు. ఇంచుమించు అలాంటి ఏర్పాటునే ఒక కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్నాను.

హైదరాబాద్‌లో వాళ్ల ప్రాక్సీ ఉంది. మాకు నూటయాభై కిలోమీటర్ల లోపే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం) నాలుగైదు మిల్లీసెకన్లు దాటకూడదు. అరవై దాటింది! ప్యాకెట్లు పోయే దారిని చూపే ట్రేస్‌రూట్ చేస్తే, అవి వాళ్ల సింగపూర్ ప్రాక్సీకి పోతున్నాయి. మహబూబ్‌నగర్‌లో వేరే కనెక్షన్ ఉన్న మిత్రుడికి మాత్రం హైదరాబాదే వచ్చింది.

బీజీపీ కిలోమీటర్లు చూడదు. ముందు ఆ నెట్‌వర్క్ పెట్టుకున్న లోకల్ ప్రిఫరెన్స్ (ఏ దారి ముందో తనే ఇచ్చుకునే మార్కు), తర్వాత ఏఎస్ పాత్ పొడవు (దారిలో ఎన్ని నెట్‌వర్కులు తగులుతాయో) చూస్తుంది. మా కేబుల్ ఆపరేటర్‌కు నెట్ ఇచ్చే పెద్ద కంపెనీకి సింగపూర్ దారి తన కస్టమర్ నుంచి వస్తోంది. డబ్బు తెచ్చే దారినే ఎవరైనా ముందు ఎంచుకుంటారు. ఆపరేటర్‌ను అడిగితే, "మన చేతుల ఏముందన్నా, పైనోళ్లు ఎట్ల పంపితే అట్లనే" అన్నాడు. నిజమే.

చివరికి ప్రాక్సీ వాళ్లకే ట్రేస్‌రూట్లు పంపి బతిమాలాను. సింగపూర్ నుంచి ఆ కంపెనీకి వెళ్లే ప్రకటనను బీజీపీ కమ్యూనిటీతో, అంటే ఎవరికి చెప్పాలో వద్దో ప్రకటనకు తగిలించే గుర్తుతో ఆపారు. పింగ్ ఐదుకు దిగింది.

తర్వాత ఓ రాత్రి హైదరాబాద్ సర్వర్‌ను కావాలనే ఆపి చూశాను. కొత్త కనెక్షన్లు ముంబైకి మళ్లాయి, నడుస్తున్నవి తెగాయి. రూటు మారి ప్యాకెట్లు ఇంకో ప్రాక్సీకి పోయినా ఇదే గతి. పీఐఏఎస్‌లో దానికి ఉపాయం ఉంది గానీ, నేను తీసుకున్న దాంట్లో లేదు. కాబట్టి ప్రతి చీటీకీ మిల్లులోనే నంబర్ పడేలా మార్చాను. తెగితే యాప్ మళ్లీ పంపుతుంది, అదే నంబర్ రెండోసారి వస్తే సర్వర్ పక్కన పెట్టేస్తుంది.