మందిరం డాబా మీద ఈ పొద్దున

మన చర్చి డాబా తూములో మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగితే రావి ఆకులు, మట్టి, పావురాల ఈకలు అన్నీ కలిసి ముద్దలా బయటికొచ్చాయి. డాబా మీద చీలమండల దాకా నిలిచిన నీళ్లు గడగడమంటూ పైపులోంచి దిగిపోతుంటే ఎంత హాయిగా అనిపించిందో!

మూడు వారాలుగా పుల్‌పిట్ (పాస్టరుగారు ప్రసంగం చెప్పే వేదిక) వెనక గోడ చెమ్మెక్కుతోంది. శ్లాబు పోయిందేమో, మళ్లీ చందాలెత్తాలేమో అని అందరం టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే తూము మూసుకుపోయింది, అంతే. వానలకు ముందు ఒక్కసారి ఎవరైనా పైకెక్కి చూసి ఉంటే ఆ గోడ తడిసేదే కాదు. పిట్టగోడ పగుల్లో రావి మొక్క ఒకటి, వేరు అప్పుడే జానెడు దిగింది, అదీ పీకేశాను.

సాయంత్రాలు మందిరం హాల్లోనే పదో తరగతి పిల్లలు చదువుకుంటారు, వాళ్లలో సగం మంది మన చర్చికి రానివాళ్లే. తుఫాను వస్తే పేటంతా పడుకునేదీ అక్కడే. అందుకే ఆ చెమ్మ చూస్తే నాకంత బాధ.

పైనుంచి దిగుతుంటే మెదక్ చర్చి గుర్తొచ్చింది. కరువులో జనానికి పనీ తిండీ దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టిస్తే పదేళ్లు పట్టింది, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. అందరూ 175 అడుగుల గోపురం గురించే చెప్తారు కానీ, నాకైతే ఆ గోడలు లేస్తుండగానే అంతమంది కడుపు నింపాయన్నదే పెద్ద సంగతి.

ఆదివారం ఆరాధన అయ్యాక నిచ్చెన తెస్తాను. తూము మూతికి జాలీ బిగించాలి, ఇద్దరు వస్తే చాలు.