తీగకి గుచ్చిన ఉత్తరాలు

పోయిన సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు అటక దులుపుదామని ఎక్కాను. మామ్మకి ఇష్టం లేదు, "ఏటుందే అక్కడ, ఎలకలు తప్ప" అని కిందనించి ఒకటే అరుపు. ఎలకలు లేవు గాని ఒక రేకు ట్రంకు పెట్టె ఉంది. దాన్నిండా తాతయ్య ఉత్తరాలు, పాత పత్రికలు, కలరా ఉండలు ఎప్పుడో కరిగిపోయి ఆ వాసన మాత్రం మిగిలిన ఒక గుడ్డ మూట, ఇంకా ఒక ఫిడేలు గుర్రం, అదే, తీగల్ని పైకెత్తి పట్టుకునే చిన్న చెక్కముక్క. ఫిడేలు లేదు, గుర్రం ఒక్కటే.

మా తాతయ్య 1949లో మహారాజా వారి సంగీత కళాశాలలో ఫిడేలు క్లాసులో చేరారు. తరవాత కచేరీలు చేసిన మనిషి కాదు, జూట్ మిల్లులో గుమాస్తాగా రిటైరయ్యారు, మాకు తెలిసిన తాతయ్య అంటే సాయంత్రం అయ్యకోనేరు గట్టుమీద కూచుని ఏదో కూనిరాగం తీసే మనిషి, అంతే. కాబట్టి ఇదేదో గొప్పవాళ్ళ ఉత్తరాల నిధి దొరికిందని కాదు, ముందే చెప్పేస్తున్నా.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఉత్తరాలు పెట్టెలో ఊరికే పడి లేవు, ఒక చెక్క బిళ్ళకి దిగ్గొట్టిన ఇనప తీగకి గుచ్చి ఉన్నాయి, పాతకాలం ఇళ్ళల్లో గుమ్మం పక్కన వేలాడేది కదా, పోస్టుమాన్ ఇచ్చింది ఇచ్చినట్టు చదివి దానికి గుచ్చేసేవాళ్ళు. అంటే కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. ఎవరూ నంబర్లు వెయ్యక్కర్లేదు, ఆ తీగే వరస. నేనేం చేశానంటే తుప్పు పట్టిందని, కార్డులు పాడవుతాయని, గబగబా అన్నీ లాగేసి నేలమీద పరిచేశాను, అప్పుడే మా తమ్ముడు ఫ్యాన్ వేశాడు.

187 కార్డులు, వరస లేకుండా.

తరవాత మూడు నెలలు ప్రతి శని ఆదివారాలు విశాఖ నుంచి వచ్చి ఆ వరస మళ్ళీ కట్టడమే నా పని. ఇదేదో డిటెక్టివ్ పనిలా ఉంటుందనుకోలేదు. సగం కార్డుల మీద తేదీ లేదు, ఉన్నా "మంగళవారం రాత్రి" అని ఉంటుంది, పోస్టు ముద్ర చూద్దామంటే మసి. కొన్ని మీద తెలుగు సంవత్సరం, మన్మథ నామ సంవత్సర శ్రావణ శుద్ధ ఫలానా అని, అది ఉంటే పండగే, ఎందుకంటే మన్మథ అంటే 1955-56 తప్ప ఇంకోటి కాదు, దానికి ముందుది 1895లో, తరవాతది 2015లో. మిగతావాటికి కార్డు మీద అచ్చయిన స్టాంపు చూడ్డం నేర్చుకున్నాను. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు అచ్చయింది, నయాపైసలు అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, ఉత్త పైసలు ఉంటే ఆ తరవాతది, అడ్రసులో పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతది. పాత కార్డులు మిగిలిపోయి తరవాత వాడినవి కూడా ఉంటాయి, ఆ గొడవ వేరే.

అన్నిటికన్నా తమాషా జిల్లాలు. తాతయ్యకి ఎక్కువ ఉత్తరాలు రాసింది సాలూరులో ఉండే ఒక స్నేహితుడు, ఆయన ఊరు కదల్లేదు గాని జిల్లా మాత్రం మారుతూనే ఉంది. మొదట్లో విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు నుంచి శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా పుట్టాక ఇటొచ్చింది, ఇప్పుడు చూస్తే పార్వతీపురం మన్యం. మా విజయనగరమే 1979 దాకా విశాఖపట్నం జిల్లా కదా. రాష్ట్రం సంగతి సరే, మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్, ఏడేళ్ళలో మూడు. ఈ అడ్రసుల పుణ్యమా అని ఒక నలభై కార్డులు చోటు చేరాయి. ఇంకో పది "వచ్చే వారం సిరిమాను కదా, వస్తున్నా, మీ గదిలోనే పడుకుంటా" లాంటివి, సిరిమాను అంటే మా పైడితల్లి అమ్మవారి పండగ, విజయదశమి తరవాత మంగళవారం ఏ తేదీన పడిందో చూసుకుంటే చాలు, పైడితల్లి అమ్మవారే తేదీ చెప్పేసింది.

కాలేజీ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు గారు పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. అదే ఏడు ఫిడేలు నేర్చుకుందామని విద్యార్థిగా చేరడానికి వచ్చిన ఇరవై ఆరేళ్ళ ద్వారం వెంకటస్వామినాయుడు గారిని విని ప్రొఫెసరుగా వేసుకున్నారని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు, సుశీల గారు ఇక్కడే, నేదునూరి కృష్ణమూర్తి గారు ఇక్కడే. తాతయ్య ఉత్తరాల్లో వీళ్ళ ముచ్చట్లు ఉంటాయని ఎంత ఆశగా వెతికానో, ఒక్కటీ లేదు. ఉన్నదల్లా "నాయుడు గారు నిన్న క్లాసు తీసుకోలేదు" లాంటివి. ఏ నాయుడు గారు? వెంకటస్వామినాయుడు గారా, నరసింగరావు నాయుడు గారా, ఇద్దరూ ద్వారం వారే, ఇద్దరూ ఫిడేలే, ఇద్దరూ ఆ కాలేజీలోనే పాఠం చెప్పారు. రాసుకున్నవాళ్ళకి తెలుసు, వాళ్ళకి మనం చదువుతామని తెలీదు.

మరి ఏముంది అంటే తిండి ఉంది. చేరిన ఏడు ఇంటికి రాసిన కార్డు ఒకటి ఉంది, వారాల లిస్టు, ఏ రోజు ఎవరింట్లో భోజనమో అని. సోమవారం ప్లీడరు గారిల్లు, మంగళవారం కోమట్ల సత్రం, బుధవారం పూజారి గారు, గురువారం దగ్గర గీత పెట్టి "ఇంకా కుదరలేదు" అని ఉంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గురువారాలు ఏం తిన్నాడో ఏ ఉత్తరంలోనూ లేదు. ఘంటసాల జోలె పట్టుకుని మధుకరం చేసుకున్న కథ, సాలూరు చినగురువు గారు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన్ని చేరదీసిన కథ, మా ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన ఘంటసాల అయ్యారు కాబట్టి. గురువారం కుదరని మిగతావాళ్ళ సంగతి ఇదిగో ఇలా అటకలమీద ఉంటుంది.

తిండి తరవాత తీగలు. ఫిడేలు తీగ తెగింది, మద్రాసు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు, కమాను వెంట్రుకలు ఊడిపోయాయి, బిరడా జారిపోతోంది సుద్ద రాస్తున్నా. (కమాను అంటే ఫిడేలు వాయించే కర్ర, బిరడా అంటే తీగ బిగించేది.) ఒక ఉత్తరం పూర్తిగా ఒక్క తీగ గురించే. సాలూరు ఆయన గాత్రం మనిషి, ఫిడేలు ఊసే అక్కర్లేదు, అయినా ఈ తీగకోసం బొబ్బిలిలో ఎవరినో అడిగి, ఆయన ఇంకెవరికో చెప్పి, చివరికి రైల్లో ఎవరిచేతో పంపిన కథంతా రెండు వైపులా రాసి, చోటు చాలక అడ్రసు పక్కన కూడా గుచ్చి గుచ్చి రాశారు.

భాష గురించి ఒక మాట. అన్ని ఉత్తరాలూ మొదట్లో పంచె కట్టుకుని కూచుంటాయి, "ఉభయకుశలోపరి, తమరు వ్రాసిన లేఖ చేరినది, మిక్కిలి సంతసించితిని", రెండో లైను దాకా ఇదే, మూడో లైనుకొచ్చేసరికి "ఒరే బావా, ఆ గదికి అద్దె పెంచీసేడట కదా, ఏటిది?" అని పడిపోతుంది. గిడుగు వారు, గురజాడ వారు పుట్టి పెరిగిన ప్రాంతం కదా, అయినా మొదటి రెండు లైన్లు మాత్రం భయం పోలేదు.

అన్నట్టు ఆ సాలూరు ఆయన పేరు నాకు తెలీదు. అన్ని ఉత్తరాలకిందా "ఇట్లు నీ బావ" అని తప్ప సంతకం లేదు. చుట్టరికం ఏం లేదు, కాలేజీలో కలిసిన బావ. మామ్మనడిగితే "సాలూరు అన్నయ్యగారు" అంటుంది. పేరేటి మామ్మా అంటే, "నానెప్పుడు పిలిచేనే పేరుతో" అంది.

పత్రికల సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే వాటికి మిగిలింది తక్కువ. భారతి సంచికలు కొన్ని, ఆంధ్రపత్రిక వీక్లీలు, ఆకాశవాణి వాళ్ళ వాణి పత్రిక ఓ పాతిక. న్యూస్‌ప్రింటు కాగితం కదా, గోధుమరంగు తిరిగి అంచులు అప్పడాల్లా విరిగిపోతున్నాయి. వాణిలో రేడియో కార్యక్రమాల పట్టీ ఉంటుంది, దాంట్లో పెన్సిల్‌తో టిక్కులు. మా ఇంట్లో అప్పటికి రేడియో లేదట, ఎదురింటి ప్లీడరు గారి అరుగు మీద కూచుని వినేవారట (సోమవారం భోజనం ప్లీడరు గారేనా అని అడిగాను, మామ్మ నవ్వింది గాని చెప్పలేదు). విశాఖపట్నం స్టేషన్ 1963లో గాని రాలేదు, అప్పటిదాకా 1948లో మొదలైన విజయవాడ, లేదంటే మద్రాసు, గరగరల మధ్య ఎంత వినబడితే అంత. కొన్ని టిక్కుల పక్కన "వినబడలేదు" అని రాసి ఉంది. మిగతా వాణిలన్నీ ఏమయ్యాయంటే వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచేశారు, కారం డబ్బా కింద ఒక ముక్క ఇప్పటికీ ఉంది, నూనె పట్టి అద్దంలా అయిపోయింది.

మీ ఇంట్లో కూడా ఇలాంటివి ఉంటే దయచేసి సెలోటేప్ వెయ్యకండి, నేను రెండు కార్డులకి వేసి తగలేశాను, ఆ జిగురు పసుపురంగు తిరిగి అక్షరాన్ని తినేస్తుంది. గుండుసూదులు తీసెయ్యండి. కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవాటి దగ్గరికి తడిచెయ్యి తీసుకెళ్ళకండి, చూడ్డానికి మామూలు పెన్సిల్‌లా ఉంటుంది, తడి తగిలితే ఊదారంగు వరదే. ముందు వరస ఫోటో తీసుకోండి, తరవాతే ముట్టుకోండి. తీగమీద ఉంటే మరీను.

ఇప్పుడు అసలు సంగతి. 187 కార్డుల్లో ఒక్క చావు లేదు. పెళ్ళిళ్ళు ఉన్నాయి, బారసాలలు ఉన్నాయి, అంచులకి పసుపు రాసినవి ఉన్నాయి, ఇన్నేళ్ళ ఉత్తరాల్లో ఎవరూ పోలేదు. నాకు వింతగా అనిపించి మామ్మకి చెప్తే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "చావు కబురు కార్డు ఇంట్లో ఎవులు దాస్తారే? చదివి గుమ్మం బయటే చించీడమే." నిజమే కదా, చిన్నప్పుడు నేనూ చూశాను, నాన్న వీధిలోనే నిలబడి చదివి అక్కడే ముక్కలు చేసి పారెయ్యడం. అంటే తీగమీద ఉన్నవన్నీ బతికున్న కబుర్లే. సాలూరు ఆయన ఉత్తరాలు నయాపైసల కార్డులతో ఆగిపోయాయి. దెబ్బలాట లేదు, కోపం లేదు, చివరి కార్డులో కూడా పనసపండు పంపిస్తానని ఉంది, అంతే, తరవాత ఏం లేదు. ఆ ఏం లేకపోవడమే ఆ కార్డు అని మామ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు.

వాళ్ళిద్దరి మధ్యా ఎక్కువగా నడిచింది స్వరాలు. ఆయన పాట నేర్చుకుంటే స్వరం రాసి పంపేవారు, తాతయ్య ఫిడేలు మీద వాయించి చూసి అనుమానాలు రాసేవారు, ఆ అనుమానాల మీద ఆయన మళ్ళీ బాణాలు గీసి పంపేవారు. తాతయ్య రాసినవి మనదగ్గర లేవు, అవి సాలూరులో ఏ తీగమీద ఉన్నాయో. స్థాయికి పైనా కిందా చుక్కలు, తాళానికి నిలువు గీతలు, కాలానికి మీద అడ్డగీతలు, ఇంతవరకు ఎవరైనా రాస్తారు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఎలా రాస్తారు? 1904లో సుబ్బరామ దీక్షితులు గారు ఎట్టయపురంలో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించినప్పుడు, అది తెలుగు లిపిలోనే, గమకాలకి ప్రత్యేకంగా గుర్తులు పెట్టారు. పోస్టుకార్డు మీద అంత చోటెక్కడిది. అందుకని బావగారు అంచులో మాటల్లో రాసేవారు, "ఇది రాసినట్టు వాయించకు", "ఇక్కడ కొంచెం సాగదియ్యి, ఎంతంటే చెప్పలేను". ఇలాంటివి చదువుతుంటే నాకు సంగీతం రాకపోయినా ఎక్కడో గొంతులో పట్టుకుంది.

అన్నిటికన్నా పెద్ద గొడవ బేగడ రాగం కృతి. బేగడలో మధ్యమం, అంటే "మ" స్వరం, సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, శుద్ధమధ్యమమే గాని దాని చోట అది నిలబడదు, కొన్ని సంచారాల్లో కొంచెం ఎత్తులో పలుకుతుంది, ఎంత ఎత్తు అంటే గురువు నోట వినాల్సిందే. పల్లవి ఒక కార్డు, అనుపల్లవి రెండు కార్డులు, ప్రతి "మ" మీదా ఏదో ఒక గీత, దిద్దుబాటు, దాని మీద ఇంకో దిద్దుబాటు. మూడో కార్డు చివర "చరణం కాగితం మీద కుదరదురా, వచ్చినప్పుడు పాడి చూపిస్తా" అని ఉంది. నయాపైసల కార్డు. చివరినించి రెండోది.

నేను ఈ మూడూ స్కాన్ చేసి పక్కన పెట్టాక, ట్రంకు అడుగున పరిచిన కాగితాలు తీస్తుంటే ఒక ఖాళీ కవరు దొరికింది, మిల్లు నుంచి వచ్చిన కవరు, మా ఇంటి అడ్రసు టైపు చేసి ఉంది, కింద 535 తో మొదలయ్యే పిన్ కోడ్. అంటే 1972 తరవాతది. వెనక తిప్పితే కాపీయింగ్ పెన్సిల్, తాతయ్య చేతిరాత, ఆది తాళం గీతలు, బేగడ చరణం మొత్తం స్వరం. నాలుగు ఆవృతాలు, అంటే నాలుగు తాళం చుట్లు, నీట్‌గా రాసి ఉన్నాయి. అయిదో ఆవృతంలో ఒక "మ" మీద చిన్న ప్రశ్నార్థకం, దాని చుట్టూ ఊదారంగు మరక.