పశువైద్యుల ఇంట్లో పదమూడు దాటిన పిల్లలు

మన పశువైద్యుల పిల్లలకు చిన్నప్పుడు డాక్టరు సంచి అంటే భయం. సూదులుంటాయి, ఏదో వాసన వస్తుంది, ముట్టుకుంటే తిట్లు పడతాయి. పదమూడు, పద్నాలుగు వచ్చేసరికి ఆ భయం పోతుంది. ఏ సీసా దేనికో తెలుసు, దూడను ఎలా పట్టాలో తెలుసు. ‘పిల్లలు చేతికందొచ్చారు’ అని మనవాళ్లు చాలామంది కట్టుబాట్లు సడలించేది ఈ వయసులోనే. నన్నడిగితే బిగించాల్సింది సరిగ్గా అప్పుడు.

ముందు సంచి సంగతి. కెటమైన్, జైలాజిన్, థయోపెంటోన్ లాంటి మత్తుమందులు ఇంటికి రాకూడదు. ఆసుపత్రి బీరువాలో తాళం వేసి ఉండాలి, ఎంత వాడారో ఎంత మిగిలిందో ప్రతిసారీ రిజిస్టరులో ఎక్కాలి. కెటమైన్ ఎన్.డి.పి.ఎస్. (మాదకద్రవ్యాల) చట్టం కిందకొచ్చే మందు కాబట్టి ఇది మన ఉద్యోగానికీ రక్షణే. జైలాజిన్‌ను ‘పశువుల మత్తుమందే కదా’ అని తేలిగ్గా చూస్తారు. మనిషిలో అది ఊపిరినీ గుండె వేగాన్నీ తగ్గిస్తుంది, నల్లమందు జాతి మత్తుకు విరుగుడైన నలోక్సోన్ ఇచ్చినా దాని ప్రభావం దిగదు. రాత్రి కేసు చూసుకుని నేరుగా ఇంటికి రాక తప్పకపోతే ఇంట్లో తాళమున్న ఇనప్పెట్టె ఒకటి ఉండాలి, తాళంచెవి మన జేబులోనే ఉండాలి. పిల్లలు మంచివాళ్లా కాదా అన్న ప్రశ్న ఇక్కడ లేదు. ఆ వయసులో దిగులు ఎప్పుడు ఎలా ముంచుకొస్తుందో ఇంట్లోవాళ్లకు ముందుగా తెలియదు.

పశువులన్నీ ఒకేసారి ఎదకు వచ్చేలా ఇచ్చే క్లోప్రోస్టెనాల్ ఇంజెక్షను చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది, ఉబ్బసాన్ని రేపగలదు. ఉబ్బసం ఉన్న పిల్లల చేత ఆ సంచి సర్దించొద్దు. కారిన సీసాను ఒట్టి చేతులతో తుడవమని ఏ పిల్లలకూ చెప్పొద్దు.

ఈ తరం పిల్లలకు బాగా నచ్చేది కృత్రిమ గర్భధారణ వీర్యాన్ని నిల్వ ఉంచే ద్రవ నత్రజని క్యాను. మూత తీయగానే తెల్లటి పొగ, రీల్‌కు ఇంతకన్నా ఏం కావాలి? లోపల మైనస్ 196 డిగ్రీలు. ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో, అద్దాలెక్కించిన కారులో ఆక్సిజన్ తగ్గిపోతున్నా ఉక్కిరిబిక్కిరి అనిపించదు, నేరుగా స్పృహ తప్పుతుంది. కాబట్టి క్యాను పడకగదిలో ఉండకూడదు. కారులో తెస్తే కదలకుండా నిలబెట్టి కట్టి, అద్దాలు దించి రావాలి. దాని మూత వదులుగానే ఉంటుంది, అలాగే ఉండాలి. ‘ఆవిరైపోతోందని’ గట్టిగా బిగించినా, మిగిలింది థర్మాస్‌లో పోసి మరమూత పెట్టినా పేలుతుంది. ఇవన్నీ పిల్లలకు కారణాలతో సహా చెప్పాలి. ఊరికే వద్దంటే మనం లేనప్పుడు తీస్తారు.

ఇంట్లో పెంచడానికో, నయమయ్యేదాకానో కుక్కలు వచ్చిపోతుంటాయి కనుక పిల్లలకు ముందుజాగ్రత్త రేబిస్ టీకా వేయించడం మేలు. 0, 7 రోజుల్లో ఒక్కో డోసు, మూడోది 21 లేదా 28వ రోజున. ఆ తర్వాత ఎప్పుడైనా కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, పుండు చుట్టూ ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజెక్షను) అక్కర్లేదు. టీకా ఉన్నా లేకున్నా పుండును ధార నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాల్సిందే. టీకా వేయించుకున్న పిల్లలు చిన్న గాటును దాచేస్తారు, మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. 10, 16 ఏళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా కూడా ఒకసారి కార్డులో చూసుకోండి.

అంతకన్నా నిశ్శబ్దంగా వచ్చేది బ్రుసెల్లోసిస్, అంటే పశువుల నుంచి మనిషికి అంటే బ్రుసెల్లా సూక్ష్మజీవి జబ్బు. చూడి ఆఖరి నెలల్లో ఈసుకుపోయిన గేదె, పడని మాయ, భుజం దాకా తడిసిన చొక్కా. ఆ చొక్కా ఇంట్లో వాషింగ్ మెషీన్ దగ్గర కుప్పలో పడితే తీసి అందులో వేసేది ఎక్కువగా పిల్లలే. ఆసుపత్రిలోనే బట్టలు మార్చుకుని, విప్పినవి విడిగా కవరులో కట్టి తేవాలి, మనమే వేడినీళ్లలో వేరుగా ఉతకాలి. పిల్లలకు వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుంనొప్పి వారాల తరబడి ఉంటే విడాల్ రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అని వదిలేయకండి. ‘మా ఇంట్లో పశువైద్యులున్నారు’ అని డాక్టరుకు మనమే నోరు తెరిచి చెప్పాలి. రక్తం కల్చర్‌కు పంపితే బ్రుసెల్లా అనుమానమని ల్యాబుకు ముందే తెలపాలి, అక్కడి సిబ్బందికి కూడా అది అంటుకుంటుంది. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు బ్రుసెల్లోసిస్ రాకుండా వేసే ఎస్-19 బతికున్న సూక్ష్మజీవుల టీకా. ఆ క్యాంపుకు పిల్లల్ని సిరంజిలు అందించడానికి కూడా తీసుకెళ్లకూడదు.

మరి ఏం చేయనివ్వొచ్చు? రిజిస్టరు రాయనివ్వండి. కొలతటేపు పట్టి బరువు అంచనా కట్టడం, డొక్క మీద పిడికిలి ఆనించి పెద్దపొట్ట కదలికలు లెక్కించడం నేర్పండి. నిమిషానికి ఒకటో రెండో తగిలితే సరిగ్గా ఉన్నట్టు. పశువును ట్రావిస్‌లో, అంటే కదలకుండా నిలిపే చట్రంలో పెట్టాకే ఇవి. ఆవు పక్కకు కొడవలిలా తిప్పి తంతుంది, అందుకే వెనక్కాలి పక్కన నిలబడి ‘వెనకాల లేనుగా’ అంటే కుదరదు. తలుగును చేతికి చుట్టుకోవద్దని పదేపదే చెప్పండి. గేదె బెదిరి గుంజితే ముందు పోయేది వేళ్లే. 18 నిండనివాళ్లు ఎక్స్‌రే తీసేటప్పుడు కుక్కను పట్టుకోకూడదు, ఎంత చిన్న కుక్కయినా.

ఇక రాత్రి ఫోన్లు. గేదెల ఈతలు వానాకాలం నుంచి చలికాలం దాకా ఎక్కువ. వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు. బడులు తెరిచేదీ అప్పుడే. పుస్తకాలు, ఫీజులు, సైకిలు బాగుచేయించడం లాంటివన్నీ మేలోనే ముగించుకుంటే జూన్‌లో గొడవ ఉండదు. పబ్లిక్ పరీక్షలున్న వారం పక్క మండలం డాక్టరుతో డ్యూటీ మార్చుకుని, రైతులకు సంచార పశువైద్య వాహనం 1962 నంబరు ముందే చెప్పిపెట్టొచ్చు. మన వాళ్లు చేసే తప్పల్లా ‘పది నిమిషాల్లో వస్తా’ అనడం. ఈత అడ్డం తిరిగిన కేసైతే ప్రయాణం కాక రెండు మూడు గంటలు పట్టొచ్చు. ‘ఈత కేసు, తినేసి పడుకోండి’ అని చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు, మాట తప్పితేనే ముఖం మాడ్చుకుంటారు. కేసు పోయి ఇంటికొచ్చిన రోజు మన మౌనాన్ని తమ మీద కోపమనుకుంటారు. ‘గేదె దక్కలేదమ్మా, నీమీద కాదు’ అంటే చాలు.

బి.వి.ఎస్‌సీ. (పశువైద్య డిగ్రీ) చేస్తామంటే వాళ్ల ముందు లెక్క పెట్టండి. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతో అఖిల భారత కోటాలో నిండుతాయి. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీలున్నాయి. నిర్ణయానికి ముందు వేసవిలో ఒక వారం వేరే డాక్టరు దగ్గర ఆసుపత్రిలో కూర్చోబెట్టండి. మన దగ్గరైతే రైతులు ‘డాక్టరుగారి అబ్బాయి’, ‘డాక్టరుగారి అమ్మాయి’ అని కుర్చీ వేస్తారు. అక్కడైతే పేడ ఎత్తమంటారు.