మామ్మ చేతిలో అరటిపండు

"ఇది మూడు లాంతర్ల దగ్గర మనం అద్దెకున్న మేడేరా!" ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టీ పెట్టగానే పెద్దత్త ఫోన్ చేసేసింది.

విజయనగరం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు. పిట్టగోడ వెంట మావాళ్లంతా కెమెరా వైపు చూస్తుంటే మామ్మ ఒక్కతే వీధివైపు తిరిగి ఉంది. చెయ్యి పైకెత్తి, సిరిమాను మీద, అంటే ఊరేగించే పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి వైపు అరటిపండు విసరబోతోంది.

గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది కదా, మూడుసార్లూ విసిరేదట. మధ్యలో వచ్చినవాళ్లందరికీ పులిహోర. ముక్కూమొహం తెలియకపోయినా మేడెక్కితే చుట్టాలే. చెప్తూ చెప్తూ అత్త ఏడ్చేసింది.

మిగతా ఫోటోలన్నిట్లో మామ్మ బిగుసుకుపోయి ఉంటుంది. ఇందులోనే అచ్చం తనలా ఉంది. పెద్ద ప్రింట్ తీయిస్తున్నాను. ఆ వీధి పాత ఫోటోలు మీ బీరువాల్లో ఉంటే పంపండి, పండక్కి ముందే స్కాన్ చేయించి అందరికీ ఇస్తాను.